తిన్నని పాదం

కిందికి చూడొద్దని చెప్పానా లేదా? చెట్టెక్కకముందే చెప్పానా లేదా? ఎక్కినవాడికి కింద ఏం పని? ఇక్కడ నేనూ గాడిదా తప్ప ఇంకెవరున్నారని అంత వంగి చూశావు?

సరే సరే, అరవను. అరవట్లేదు మబ్రూక్. గాలిలో నీకు వినబడాలని గొంతు పెంచానంతే. నా గొంతే అంత. మీ అక్కని అడుగు, పెళ్ళైన దగ్గర్నుంచీ చెవులు మూసుకునే కాపురం చేస్తోంది.

కళ్ళు మూసుకున్నావా? మూసుకోకు నాయనా. మూసుకుంటే తల ఇంకా తిరుగుతుంది. నీ ముక్కు ముందు ఏముంది? ఖర్జూరపు మాను. దాన్నే చూడు. చీమ కనబడితే చీమని చూడు. అదెంత నిమ్మళంగా పోతోందో చూడు. దానికి అక్క లేదు, బావ లేడు, ఎవరి మాటా కాదనలేక చెట్టెక్కే ఖర్మ లేదు.

ఊపిరి తీసుకో. అలా రొప్పుతూ కాదు. నిదానంగా.

ఇప్పుడు విను. నువ్వు పడవు. ఎందుకు పడతావు? రెండు చేతులూ మానుని చుట్టేసుకుని ఉన్నాయి. కాళ్ళ కింద కొట్టేసిన మట్టల మొదళ్ళు ఉన్నాయి. పడాలంటే నువ్వే చేతులు వదలాలి. వదలకు. అంతే కదా.

ఏమిటి? గట్టిగా చెప్పు, గాలికి కొట్టుకుపోతోంది.

నేను రావాలా? పైకా?

వస్తాలే. వస్తాను. ముందు నువ్వు ఊపిరి తీసుకో.

ఆ ముల్లు ఎక్కడ గుచ్చుకుంది? అరచేతిలోనా? చెప్పలేకపోయావా అప్పుడే? నేను మొవ్వ దగ్గర ముళ్ళుంటాయి, చెయ్యి పైనుంచి వెయ్యకు, కిందనుంచి పాకించు అన్నాను. నువ్వు పైనుంచి వేశావు. గుచ్చుకోగానే ఉలిక్కిపడి కిందికి చూశావు. అంతే, కాళ్ళు బిగుసుకుపోయాయి. ఇది కొత్తేం కాదు. మా నాన్నకి ఒకసారి అయింది, ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు గానీ. పైనే ఉండి పాటలు పాడాడు. ఏమిటి నాన్నా అంటే గాలి బాగుంది అన్నాడు.

నీ తప్పేం లేదు. నిన్ను ఎక్కించింది మీ అక్క. నేను కాదు. "మా తమ్ముడు ఉన్నాడుగా, చిన్నప్పుడు కోతిలా ఎక్కేవాడు" అంది. చిన్నప్పుడు ఎక్కావు, నిజమే. ఇంటి వెనక పిలక చెట్లు, నడుమెత్తు చెట్లు. ఆ తర్వాత కత్తెర పట్టుకుని సెలూన్ పెట్టుకున్నావు, ఊళ్ళో సగం గడ్డాలు నీ చేతిలోనే ఉన్నాయి. రేపు నన్ను ఖాజీ గారి మెడ మీద కత్తి పెట్టమంటే నా చెయ్యి వణకదా? మరి నీ కాలు వణికితే సిగ్గెందుకు?

అసలు మొదటిసారి ఎక్కేవాణ్ణి ఈ చెట్టు ఎక్కించడం నాది బుద్ధి తక్కువ. తోటలో ఇంకెన్ని చెట్లు లేవు? మా నాన్న దీన్ని హాజ్జా అనేవాడు, మక్కా వెళ్ళొచ్చిన ముసలమ్మని పిలిచినట్టు. అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా పొగరు. మధ్యలో మట్ట మొదళ్ళన్నీ అరిగిపోయి నున్నగా అయిపోయింది. కానీ ముందు దీని పూల పొత్తులే పగిలాయి, నేనేం చెయ్యను? పొత్తి పగిలాక ఎవరి కోసమూ ఆగదు.

ఇక్కణ్ణుంచే కనబడుతున్నాయి, నీ తలకి పైన, తెల్లగా. ఇంకొక్క నిలువు ఎక్కి ఉంటే నీ నడుం సంచీలోంచి మగ పూల రెమ్మలు తీసి ఆ ఆడ పూల మధ్య దోపి కట్టేసేవాడివి. అంతే పని. అది చెయ్యకపోతే ఈ యేడు వచ్చేవి గింజ కట్టని పిందెలు. మేకలకి వేసుకోవాలి.

ఊరికే చెప్తున్నా. నిన్ను ఎక్కమనట్లేదు. ఇప్పుడు దిగితే చాలు.

ఏమిటి? వస్తున్నా అన్నాను కదా, ఒక్క నిమిషం. కాలికి డాక్టర్లు వేసిన ఈ పట్టీకి ఎన్ని నాడాలో. విప్పాలా వద్దా?

ఎవరినైనా పిలవమంటావా? ఎవర్ని పిలవను? శుక్రవారం మధ్యాహ్నం, తోటల్లో కాకి కూడా లేదు. మగాళ్ళంతా మసీదులో ఉన్నారు. ఇక్కడ ఎవరూ ఎందుకు లేరంటే నేనే కదా ఈ వేళ చూసి పెట్టింది. పక్క తోట వాళ్ళెవరూ చూడకూడదని. నా చెట్ల మీద, తుహామీ చెట్ల మీద ఇంకొకడు ఎక్కాడట అని ఊళ్ళో అనుకోకూడదని. గట్టిగా నవ్వుకో, నవ్వితే భయం పోతుంది. నా పరువు కోసం నిన్ను ఎక్కించి, నా పరువు కోసమే ఊరు ఖాళీగా ఉన్న గంట చూశాను. ఇప్పుడు అరిస్తే ఎవరికి వినబడుతుంది?

ఫోనా? ఫోన్ నీ జేబులోనే ఉంది. నాది ఇంట్లో పెట్టి వచ్చాను. ఉండు, ఏమిటా చప్పుడు? నీదే మోగుతోంది. మీ అక్కే అయ్యుంటుంది, అన్నం వేళకి వస్తారా అని. చెయ్యి తియ్యకు. మోగనీ. మబ్రూక్, చెయ్యి తియ్యకు అన్నాను. చెయ్యి మాను మీదే ఉండాలి.

ఆ. ఆగిపోయింది. మళ్ళీ చేస్తుంది, మీ అక్క సంగతి నీకు తెలీదా? మోగనీ. సంగీతం అనుకో.

తోట తయ్యబ్ గారిది, మన సీ తయ్యబ్‌ది, నీకు తెలుసు. ఆయన ఉండేది ట్యూనిస్‌లో. ఖర్జూరపు చెట్టు మగదో ఆడదో కూడా ఆయనకి తెలీదు. కానీ ఆ కుటుంబానికీ మాకూ తాతల నాటి నుంచీ ఒకటే మాట. పూత ఎవరు కడితే గెలలు వాళ్ళే కొయ్యాలి, అయిదో వంతు వాళ్ళదే. ఇంకొకరు కడితే ఇంకొకరిది. కాగితం లేదు, ఏమీ లేదు. మా తాత కట్టాడు, నాన్న కట్టాడు, నేను కట్టాను. అందుకే తోట ఎవరిదైనా ఊళ్ళో వీటిని తుహామీ చెట్లనే అంటారు. పోయిన వారం సీ తయ్యబ్ ఫోన్ చేశాడు. "తుహామీ, కాలు ఎలా ఉంది? కష్టమైతే చెప్పు, నిచ్చెన లేచే బండి వాళ్ళు ఉన్నారు, పంపిస్తా" అన్నాడు. ఎంత మంచిగా అన్నాడో. గొంతులో తేనె. ఒక్క యేడు వాళ్ళు వచ్చారా, ఇక ఈ చెట్లకి నా పేరు ఎవడు పెడతాడు?

"కాలు భేషుగ్గా ఉంది, సగం చెట్లు కట్టేశాను" అన్నాను. కట్టలేదు. ఒక్కటీ కట్టలేదు.

గాలి మారింది, చూశావా? అటువైపు ఆకాశం పసుపుపచ్చగా అవుతోంది. ఇసుక వస్తుంది సాయంత్రంలోగా. అప్పుడు ఆ పైన ఉండలేం. నిన్ను భయపెట్టట్లేదు. ఉన్న మాట చెప్తున్నా.

సరే, ముందు కాళ్ళ సంగతి చూద్దాం. నీ కాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పనా? కింద నుంచి నాకు అంతా కనబడుతోంది. వేళ్ళు మానుకి ఆనించి మడమలు గాల్లో పెట్టావు, గోడకి నిచ్చెన వేసి ఎక్కినట్టు. అందుకే పిక్కలు వణుకుతున్నాయి. అది నేల మీద నడిచేవాళ్ళ కాలు. చెట్టు మీద పాదం అలా ఉండకూడదు. రెండు అరికాళ్ళూ లోపలికి తిరగాలి. చప్పట్లు కొట్టేటప్పుడు అరచేతులు ఎలా ఎదురెదురుగా ఉంటాయో అలా అరికాళ్ళు మానుకి రెండు వైపులా ఉండాలి. మోకాళ్ళు బయటికి. అప్పుడు చెట్టు నిన్ను మోస్తుంది.

మాకు చిన్నప్పటి నుంచీ అలా తిప్పి తిప్పి పాదాలే అలా కుదిరిపోయాయి. నేల మీద నడిచినా బొటనవేళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటూ నడిచేవి. పెళ్ళిలో మీ అక్క స్నేహితురాళ్ళు నా నడక చూసి బాతు వచ్చిందన్నారట. మీ అక్క ఏడ్చిందట కూడా. అడుగు ఈసారి.

ఆ బాతు నడకని బాగుచేసింది ఇన్సాఫ్. కాళ్ళకి కసరత్తు చేయించే ఆ చిన్న డాక్టరమ్మ, నువ్వు చూశావుగా, పొడుగ్గా, కళ్ళద్దాలు పెట్టుకుని.

నా కాలు ఎలా పోయిందో నీకు తెలిసిందే. చివరి నిలువు దిగకుండా దూకడం నా అలవాటు. అందరూ చూస్తారని. పోయిన కోతల్లో దూకితే కాలవ గట్టు మీద పడ్డాను, పాదం లోపలికి మడత పడిపోయింది. అంతకుముందు ఎన్నిసార్లు మడత పడలేదు? నూనె రాసి గుడ్డ కట్టుకుని మర్నాడు ఎక్కేసేవాణ్ణి. ఈసారి అలా కాలేదు. చదునైన వీధిలో నడుస్తున్నా పుటుక్కున తిరిగిపోయేది. ఒకసారి మసీదు గుమ్మంలోనే పడ్డాను. చీలమండ బయటివైపు లిగమెంట్లు పాత గుడ్డలా సాగిపోయాయన్నారు. కోసి, బిగించి కుట్టారు.

కట్టు, ఆ తర్వాత ఆ పెద్ద బూటు, చంకల కింద కర్రలు. ఇంట్లో మంచం మీద పడుకుని కిటికీలోంచి ఈ చెట్ల తలలు చూస్తూ ఉండేవాణ్ణి. వచ్చినవాళ్ళందరూ కాలు ఎలా ఉంది అంటారు. కాలు బాగానే ఉంది, దాన్ని అంటుకుని ఉన్న మనిషికే పిచ్చెక్కుతోంది అని ఎవరికి చెప్పను? మీ అక్క అన్నం పెట్టేది, దిండు సర్దేది, పాపం. సర్దిన ప్రతిసారీ నాకు కోపం వచ్చేది. ఎందుకో నాకే తెలీదు.

తర్వాత ఇన్సాఫ్ దగ్గరికి పంపారు. మొదటి రోజే నిలబెట్టి, వంగి నా పాదాలు చూసి, "బాబాయ్ గారూ, మీ కాళ్ళు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి" అంది. "అవి మాట్లాడుకోకపోతే చెట్టెలా ఎక్కుతానమ్మా" అన్నాను. నవ్వింది. నవ్వి, నేల మీద పలకల మధ్య గీత చూపించింది. పాదం ఆ గీత మీద తిన్నగా ఉండాలి. మోకాలు రెండో వేలికి సూటిగా రావాలి. మడమ లోపలికి ఒరగకూడదు. ఒంటికాలి మీద నిలబడు, మెత్త మీద నిలబడు, రబ్బరు పట్టీ పాదానికి తగిలించి బయటికి లాగు. లోపలికి మాత్రం వద్దు. నా నడక ఫోన్లో తీసి నాకే చూపించేది. చూడండి, ఈ వారం ఎంత తిన్నగా పడుతోందో అని. చిన్న పిల్లాడికి మార్కులు చూపించినట్టు.

పడుతోంది మరి. నేను పుట్టాక ఇంత తిన్నగా నడిచింది లేదు. మీ అక్క వీధి గుమ్మంలో నిలబడి చూసి, "ఇప్పుడు పెళ్ళికొడుకులా ఉన్నావు, అప్పుడే ఇలా నడిచి ఉంటే ఏమయ్యేది" అంది.

మళ్ళీ ఏమిటి? వస్తున్నావా లేదా అనా?

ఎందుకలా ఏడుస్తావు మబ్రూక్? ఇంతవాడివి. నేను వచ్చి ఏం చేస్తాను, నిన్ను చంకలో పెట్టుకుని దింపుతానా? మాటతో దింపుతున్నా కదా. కుడి పాదం కొంచెం లోపలికి తిప్పు చాలు.

తిప్పవు. నేను వచ్చి నీ కాలు నా చేత్తో పట్టుకుని మొదలు మీద పెడితేగానీ కదలవు. అదే కదా? బావ వస్తాడు, బావ కాలు పట్టుకుంటాడు. ఇక్కడ ఈ కట్టుకాలు కనబడట్లేదా నీకు?

కనబడుతోంది. కానీ నేనే అన్నాను కదా, కాలు భేషుగ్గా ఉందని. నీ ముందే కదా సీ తయ్యబ్‌తో అన్నాను.

సరే. ఉండు. వస్తున్నా.

ఇదిగో పట్టీ విప్పాను. చెప్పులు వదిలేశాను. కిందికి చూడకు, చెప్తుంటే విను చాలు. చేతులు మాను చుట్టూ వేశాను. ఎడమ పాదం పెట్టాను. ఇది మంచి కాలు, ఇది ఎక్కింది. ఎంత కాలమైంది ఈ హాజ్జాని ముట్టుకుని. ఎండకి కాగి వెచ్చగా ఉంది.

ఇప్పుడు కుడి పాదం.

తిప్పుతున్నా.

తిరగట్లేదు మబ్రూక్.

గొళ్ళెం పడ్డ తలుపులాగా సగం వచ్చి ఆగిపోతోంది. బొటనవేలి అంచు ఒక్కటే మానుకి తగులుతోంది, మిగతా పాదమంతా గాల్లో ఉంది. బలవంతం చేస్తే... అమ్మా. లేదు, ఏం కాలేదు. జారింది. జానెడు కూడా లేవలేదు, జారితే ఏమవుతుంది? కింద కూర్చున్నాను. ఇక్కడే మొదట్లో కూర్చున్నాను. గాడిద నన్నే చూస్తోంది.

నేను రాను మబ్రూక్. నా కోసం చూడకు.

ఇవాళ ఒక్కరోజే కాదు. ఈ యేడు ఒక్కటే కాదు. కోతలకీ రాను, వచ్చే వసంతానికీ రాను. ఆ పిల్ల ఇన్సాఫ్ నాకు ఎప్పుడో చెప్పింది. నేనే అడిగాను, అందరూ వెళ్ళిపోయాక తలుపు దగ్గర ఆగి. పాదం లోపలికి ఎప్పుడు తిరుగుతుందమ్మా అని. "బాబాయ్ గారూ, అలా తిరగకుండా ఉండాలనే కదా ఆపరేషన్ చేసింది" అంది. అలా తిరిగే కదా అన్నిసార్లు తెగింది, ఇక తిరగదు, ఇక మీరు పడరు, అని ఎంత సంతోషంగా చెప్పిందో. బలవంతాన తిప్పితే మళ్ళీ తెగుతుందట, తెగితే రెండోసారి కుట్టినా నిలవదట. మరి చెట్టు సంగతి ఏమిటి అన్నాను. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేల మీద ఏ పనైనా చేసుకోండి బాబాయ్ గారూ" అంది.

నేల మీద.

మీ అక్కకి చెప్పలేదు. కోతలకల్లా ఎక్కుతా అని చెప్పాను. నీకేమో ఈ వసంతం ఒక్కటి కానివ్వు, తర్వాత నేను చూసుకుంటా అని చెప్పాను. అందరికీ ఒక్కొక్క అబద్ధం పంచాను, ఇంటికి వచ్చినవాళ్ళకి టీ పంచినట్టు. చెప్పి ఉంటే ఏం చేసేవారు? అయ్యో పాపం అనేవారు. మీ అక్క ఇంకో దిండు తెచ్చేది. చెప్పకుండా ఉన్నన్నాళ్ళూ కనీసం ఇంట్లో నేను ఎక్కబోయే మనిషినే కదా.

అయిపోయింది. ఇప్పుడు నీకు తెలిసింది. కింద ఎక్కేవాడు ఎవడూ లేడు. ఇక్కడున్నది తిన్నగా నడిచే మనిషి ఒకడు, అంతే. నువ్వు ఎంతసేపు పట్టుకుని వేలాడినా పైకి ఎవరూ రారు. గాలి వస్తుంది, ఇసుక వస్తుంది, నేను రాను.

నన్ను తిట్టాలనుందా?

తిట్టు. తిడితే తప్పు లేదు. తిట్టడానికి ఊపిరి ఉంటే దిగడానికీ ఉన్నట్టే.

ఆగు. ఏం చేస్తున్నావు? కాలు కదిపావా? కదిపావు. కనబడింది. ఆగు, తొందరపడకు. ఇప్పుడు నేను చెప్పినట్టు.

కుడి మోకాలు బయటికి తియ్యి. ఇంకా. ఇప్పుడు పాదం లోపలికి తిప్పు, చిటికెన వేలు కిందికి, బొటనవేలు పైకి. అదీ. ఎంత చక్కగా తిరిగిందో చూడు. అదృష్టవంతుడివి. ఇప్పుడు అలాగే కిందికి జార్చు, తడుముకుంటూ. కంటితో కాదు, పాదంతో వెతుకు. మొదలు తగిలిందా? గట్టిగా ఉందా, కదులుతోందా? కదిలితే వదిలెయ్యి, పక్కది చూడు. గట్టిగా ఉంటేనే బరువు వెయ్యి.

వేశావు. ఇప్పుడు ఎడమది. అలాగే.

ఛాతీ మానుకి అంటించకు. వెనక్కి ఒరుగు కొంచెం. తెలుసు, భయం వేస్తుంది. వెనక్కి ఒరిగితేనే పాదం మానుని నొక్కుతుంది, అతుక్కుంటే జారుతుంది. ఎవరికైనా మొదట నమ్మకం కలగదు.

అదే. ఇంకొకటి.

ఇప్పుడు నున్నటి చోటు వస్తుంది. అక్కడ మొదళ్ళు ఉండవు. కంగారు పడకు. అక్కడ రెండు అరికాళ్ళతో గట్టిగా ఒత్తు, చేతులు కిందికి జరుపు, తర్వాత పాదాలు. చేతులు, పాదాలు. వేగం వద్దు. గీసుకుంటుంది, గీసుకోనీ, చర్మం మళ్ళీ వస్తుంది. నీ దగ్గర గడ్డం గీయించుకునేవాళ్ళు అనుకోరా అలా?

నవ్వావా? నవ్వకు ఇప్పుడు. కింద నవ్వుదువు గానీ.

ఫోన్ మళ్ళీ మోగుతోంది. మోగనీ. మీ అక్క ఓపిక గలది.

చేతులు. పాదాలు. చేతులు. అదీ నాయనా. మళ్ళీ మొదళ్ళు వచ్చేశాయి. ఇక్కణ్ణుంచి నీ కాలి వేళ్ళు నాకు లెక్కపెట్టుకునేంత దగ్గరగా ఉన్నాయి. దూకొద్దు. దూకావంటే చంపేస్తాను. చివరి అడుగు వరకూ దిగు. నా చెయ్యి అందుతోందా? ఇదిగో, నీ మడమ పట్టుకున్నాను. నాదే చెయ్యి. పెట్టు. నేల.

కూర్చో. కూర్చో, నిలబడకు. కాళ్ళు వణకనీ. కాసేపు వణుకుతాయి. వాటి పని అవి చేసుకుంటాయి.

టీ తాగు. ఫ్లాస్కులో ఉంది, చక్కెర ఎక్కువ వేసింది మీ అక్క. నీ పాదాలు ఇటు ఇవ్వు. తోలు లేచిపోయింది లోపలివైపంతా. మంచిది. సరైన చోటే లేచింది. నాకు మొదటి యేడు అక్కడే లేచింది. నీళ్ళు పోస్తున్నా, మండుతుంది, ఓర్చుకో.

సంచీ ఇటు ఇవ్వు. రెమ్మలు నలగలేదు. వాడలేదు కూడా. నీడలో పొడిగుడ్డ మీద పెడితే రేపటికి పాడవవు. వాటిని ఎవరు కడతారో తర్వాత సంగతి. బండి వాళ్ళే కడతారేమో. సీ తయ్యబ్‌కి నేనే ఫోన్ చేస్తాను సాయంత్రం. మీ అక్కకీ నేనే చెప్తాను. నువ్వు ముందు చెప్పకు, ఆ ఒక్కటీ నాకు వదిలెయ్యి.

ఏమిటి?

రేపా? ఇసుక ఆగాకా?

ఊరికే అనకు మబ్రూక్. ఇప్పుడు బతికి దిగావన్న సంబరంలో నోటికి ఏదైనా వస్తుంది. ఇంటికెళ్ళి పడుకుంటే తెలుస్తుంది, ఒళ్ళంతా నీదేనా అని.

నిజంగానే అంటున్నావా? నేను కింద నుంచి చెప్తే ఎక్కుతావా? నా గొంతు వినబడుతుంటే భయం పోయిందా?

సరే.

బాగానే ఉంది. అలా అయితే చెట్లు ఉంటాయి. సీ తయ్యబ్ బండి పంపడు. మన అయిదో వంతు మన ఇంటికి వస్తుంది. నాలుగు చెట్లు కట్టేసరికి నీ కాళ్ళకి అలవాటవుతుంది, కోతలకి నన్నేమీ అడగక్కర్లేదు. రెండేళ్ళు పోతే ఊళ్ళోవాళ్ళు వీటిని మబ్రూక్ చెట్లు అంటారు. అంటారు, ఎందుకు అనరు. పైకి ఎక్కినవాడి పేరే కదా పెట్టేది. నేను ఇక్కడ పెట్టె మీద కూర్చుని, కాలు చాపుకుని అరుస్తూ ఉంటాను. తోటకి వచ్చినవాళ్ళు ఆ అరిచేదెవరు అంటే, మబ్రూక్ బావ అంటారు.

లేదు, కోపం లేదు. కోపం ఎందుకు? నా కాలి మీద నువ్వు పడ్డావా ఏమన్నా?

ఒక మాట చెప్పనా? చెప్పకూడదు. కానీ ఇవాళ ఎలాగూ నోరు తెరుచుకుంది. నువ్వు పైన ముల్లు గుచ్చుకుని ఆగిపోయావు చూడు, మానుని కరుచుకుని, బావా బావా అన్నావు. అప్పుడు ముందుగా నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. అవును, నిన్నే అంటున్నా. ఒక్క రెప్పపాటు. వీడూ ఎక్కలేకపోయాడు, ఈ చెట్టు ఇంకా నాదే, అనిపించింది. తర్వాత వేసింది భయం. చాలా వేసింది. కానీ ముందు వేసింది అది.

అలా చూడకు. నువ్వు మా ఇంటి పిల్లాడివి, నువ్వంటే నాకు ప్రాణం. ఆ రెండూ ఒకే గుండెలో ఎలా ఉన్నాయో నన్నడిగితే నేనేం చెప్పను?

రేపు మళ్ళీ వేస్తుందేమో. ఎల్లుండీ వేస్తుందేమో. అందుకని ముందే చెప్తున్నా. నేను కింద కూర్చుని చెప్తూనే ఉంటాను, ఊరుకోలేను. కుడి కాలు అంటాను, ఎడమ కాలు అంటాను. విను. విని, నీ అరికాలికి మొదలు తగిలిందో లేదో, గట్టిగా ఉందో లేదో నువ్వు చూసుకుని అప్పుడు అడుగు వెయ్యి. నా మాట మీద మాత్రం నీ బరువంతా వెయ్యకు.